రెండు కాళ్ళకు ఒకే గుడ్డ

2022 జులైలో బెర్లిన్‌లో ‘బుల్లెట్ ట్రెయిన్’ సినిమా ప్రదర్శనకు బ్రాడ్ పిట్ మోకాళ్ళ దాకా వచ్చే లినెన్ స్కర్టు వేసుకొచ్చాడు. యూరప్ ఎండకు మాడిపోతున్న రోజులవి. ఇదెందుకు వేసుకున్నారని అడిగిన విలేకరికి గాలి కోసమని జవాబిచ్చాడు. తెల్లారేసరికి ఆ ఫోటో దేశదేశాలు తిరిగింది. ఆ రోజే యాంగోన్‌లో ఆఫీసు వదిలి బస్సెక్కిన గుమాస్తా, ఢాకాలో రిక్షా తొక్కుతున్నవాడు, ఫిజీ రాజధాని సువాలో బందోబస్తుకు నిలబడ్డ పోలీసు, గుంటూరు జిల్లాలో చెరువుగట్టున కూర్చున్న రైతు, వీళ్ళందరి నడుముకూ ఉన్నది ఆ తరహా గుడ్డే. వాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు.

మగవాళ్ళు స్కర్టు వేసుకోవచ్చా అన్న చర్చ పశ్చిమ దేశాల పత్రికల్లో నాలుగైదేళ్ళకోసారి కొత్తగా పుట్టినట్టు పుడుతుంది. ఎవరో నటుడో, గాయకుడో వేసుకుంటాడు. ఒకరు విప్లవమంటారు, ఒకరు మగతనం మంటగలిసిందంటారు, తర్వాత అందరూ మర్చిపోతారు. ఈ విషయం మీద వచ్చిన రాతలో ఎక్కువ భాగం ఆడ, మగ తేడా చుట్టూనే తిరుగుతుంది. నాకు అది సగమే అనిపిస్తుంది. కాళ్ళను విడదీయని బట్ట కట్టుకున్న మగవాడికి ఎదురయ్యే సిగ్గులు రెండు. అది ఆడవాళ్ళ బట్ట అన్నది ఒకటి. కూలోళ్ళ బట్ట అన్నది రెండోది. లండన్‌లో మొదటిది కనిపిస్తుంది, రెండోది కనపడదు. మన దగ్గర రెండోది ఇంటా బయటా ఉంది, కానీ మనం దాన్ని బట్టల సంగతిగా లెక్కేయం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ఈ వ్యాసం.

చరిత్ర దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. ప్యాంటు గుర్రపు స్వారీతో వచ్చింది. చైనా వాయవ్య ప్రాంతంలో తుర్ఫాన్ దగ్గర యాంఘాయ్ సమాధుల్లో దొరికిన ఉన్ని ప్యాంట్లు సుమారు మూడు వేల ఏళ్ళ నాటివి. వాటితోపాటు కళ్ళెం, కొరడా కూడా బయటపడ్డాయి. రోమన్లకు కాళ్ళకు తొడుగులంటే అనాగరికుల లక్షణం. నాలుగో శతాబ్దం చివర్లో రోమ్ నగరం లోపల ప్యాంట్లు వేసుకోకూడదని చక్రవర్తి పేరిట ఆజ్ఞలే వెలువడ్డాయి. అప్పట్లో మర్యాదస్తుడి బట్ట గౌను లాంటిది, మొరటువాడి బట్ట ప్యాంటు. శతాబ్దాల తర్వాత కూడా యూరప్‌లోనూ అమెరికాలోనూ మగపిల్లలకు ఐదారేళ్ళు వచ్చేదాకా గౌన్లే తొడిగేవాళ్ళు. 1884లో తీసిన ఫోటోలో రెండేళ్ళ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పొడవు జుట్టుతో, తెల్ల గౌనులో, ఒళ్ళో టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. చూస్తే అమ్మాయే అనుకుంటాం.

పద్దెనిమిదో శతాబ్దం చివర యూరప్ మగవాడు పట్టు, లేసు, రంగు, మడమ జోళ్ళు అన్నీ వదిలేసి ముదురు రంగు సూటులోకి దూరిపోయాడు. ఈ మార్పును మనస్తత్వవేత్త జె.సి. ఫ్లూగెల్ 1930లో రాసిన పుస్తకంలో మగవాళ్ళ మహా సన్యాసం అనే అర్థంలో వర్ణించాడు. ఆయన ఊరికే రాసి కూర్చోలేదు. బ్రిటన్‌లో 1929లో మొదలైన పురుష వస్త్ర సంస్కరణ పార్టీలో తిరిగినవాడు. గట్టి కాలర్లు, బిగుతు ప్యాంట్లు ఆరోగ్యానికి చేటని, షార్ట్స్, వదులు చొక్కాలు కావాలని ఆ పార్టీ వాదించింది. జనం నవ్వారు. 1940 నాటికి పార్టీ లేదు. వాళ్ళు అడిగిన షార్ట్స్ మాత్రం ఇవాళ ప్రపంచమంతా ఉన్నాయి.

ఇక కిల్ట్. ఈ చర్చలో ఎవరు ఏ పక్షం వాదించినా చివరికి స్కాట్లండ్ మీదికే వస్తారు. కాబట్టి అక్కడ కాస్త నిలబడదాం.

పదహారో శతాబ్దం చివరి నుంచి స్కాట్లండ్ ఉత్తరాది కొండజనం ఒంటి మీద కనిపించేది పొడవాటి ఉన్ని దుప్పటి. దాన్ని నేల మీద పరిచి, కుచ్చిళ్ళు పెట్టి, నడుముకు బెల్టుతో బిగించి, మిగిలిన సగం భుజం మీదికి వేసుకునేవాళ్ళు. రాత్రి అదే పక్క, అదే కప్పు. ఇవాళ మనం చూసే పొట్టి కిల్ట్, అంటే నడుము కింది భాగం ఒక్కటే, ఎప్పుడొచ్చిందన్న దగ్గరే గొడవ. 1720ల్లో ఇన్వర్‌గారీ దగ్గర ఇనుప కొలిమి నడిపిన థామస్ రాలిన్సన్ అనే ఇంగ్లీషు వ్యాపారి, పనివాళ్ళకు దుప్పటి అడ్డమొస్తోందని పై సగం కోయించేశాడని ఒక కథ ఉంది. చరిత్రకారుడు హ్యూ ట్రెవర్ రోపర్ 1983లో అచ్చైన వ్యాసంలో దీన్ని ఆధారం చేసుకుని కిల్ట్ ప్రాచీనత్వమంతా కట్టుకథ అని కొట్టిపారేశాడు. దిగువ సగం ఒక్కటే కట్టుకునే అలవాటు రాలిన్సన్‌కు ముందే ఉందని స్కాట్లండ్ పరిశోధకులు ఎదురు నిలిచారు. నన్నడిగితే ఈ తగాదాలో ఎవరు గెలిచినా తేడా ఏమీ లేదు. మూడు వందల ఏళ్ళుగా కట్టుకుంటున్న బట్టకు జన్మపత్రిక అడగడం పెళ్ళివారి పని.

అసలు ముఖ్యమైనది ఆ తర్వాత జరిగింది. 1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ యుద్ధంలో కొండజనం తిరుగుబాటు అణిగిపోయాక బ్రిటిష్ పార్లమెంటు వాళ్ళ బట్టల మీద చట్టం చేసింది. మగవాళ్ళు కిల్ట్ కడితే ఆరు నెలల జైలు. మళ్ళీ కడితే ఏడేళ్ళు సముద్రాల అవతలి తోటలకు ప్రవాసం. ఒక్క మినహాయింపు ఉంది, సైన్యం. రాజు కోసం చావడానికి వచ్చిన కొండవాడు మాత్రం కిల్ట్‌లో చావచ్చు. 1782లో చట్టం ఎత్తేసేనాటికి ఊళ్ళలో మామూలుగా కట్టేవాళ్ళు తగ్గిపోయారు. మిగిలింది సైనికుల కిల్టే. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు రచయిత వాల్టర్ స్కాట్ ఆ ఊరేగింపులన్నీ తన చేతుల మీద నడిపి పెద్దమనుషులందరికీ టార్టన్ అనే గళ్ళబట్ట తొడిగించాడు. లావుపాటి రాజుగారు కూడా కిల్ట్ కట్టారు, కింద గులాబీ రంగు బిగుతు మేజోళ్ళతో. ఏ వంశానికి ఏ గళ్ళు అన్న పట్టికలు బిగిసింది ఈ కాలంలోనే. 1842లో ఇద్దరు సోదరులు ప్రాచీన గ్రంథం దొరికిందని అచ్చేసిన టార్టన్ల పుస్తకం దొంగదని తర్వాత తేలింది. అయినా అందులోని గళ్ళు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి.

అంటే కూలివాడి దుప్పటి ముందు నేరమైంది, తర్వాత యూనిఫాం అయింది, ఆ తర్వాత రాజుగారి వేషమైంది. కిల్ట్ మీద ఆడతనం ముద్ర పడకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. అది యుద్ధంలో నెత్తురు చూసిన బట్ట. మొదటి ప్రపంచ యుద్ధంలో కిల్ట్ సైనికులకు ‘నరకం నుంచి దిగిన ఆడంగులు’ అని పేరొచ్చింది, ఆ పేరును వాళ్ళు బిరుదులా మోశారు. కందకాల బురదలో తడిసి బరువెక్కే ఎనిమిది గజాల ఉన్నితో పోరాడటం సుఖమేమీ కాదు. 1940 నాటికి యుద్ధరంగం నుంచి కిల్ట్‌ను తీసేశారు. కవాతుల్లో ఉంచారు.

ఈరోజు ఎడిన్‌బరోలో మంగళవారం ఉదయం ఆఫీసుకెళ్ళే మగవాళ్ళని చూస్తే దాదాపు అందరూ ప్యాంట్లలోనే ఉంటారు. కిల్ట్ కనిపించేది పెళ్ళిళ్ళలో, ఫుట్‌బాల్ జట్టు వెంట తిరిగే అభిమానుల మీద, పర్యాటకుల కోసం బ్యాగ్‌పైప్ ఊదేవాళ్ళ మీద. పెళ్ళికి చాలామంది అద్దెకు తెచ్చుకుంటారు. ఊలుతో చేతికుట్టు కుట్టిన కిల్ట్ కొనాలంటే వందల పౌండ్లు పెట్టాలి. చవకగా దొరికేవాటిలో చాలా భాగం పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ నుంచి వస్తాయి, బ్యాగ్‌పైపులతో సహా. మన పంచెకు పట్టిన గతీ ఇదే. నడుముకు వెల్క్రో పట్టీ అతికించి, కుచ్చిళ్ళు ముందే కుట్టి అమ్మే పెళ్ళి పంచెలు చూడండి. కట్టడం రాని పెళ్ళికొడుకు ప్యాంటులా ఎక్కించుకుంటాడు, భోజనాలయ్యాక జీన్స్‌లోకి మారిపోతాడు. సంప్రదాయం అని నెత్తిన పెట్టుకున్న బట్ట రోజువారీ వాడకం నుంచి జారిపోవడం రెండు చోట్లా ఒకే తీరుగా జరిగింది.

కిల్ట్‌ను పెళ్ళిపందిరి నుంచి రోడ్డు మీదికి తేవాలని చూసినవాళ్ళు లేకపోలేదు. 1996లో ఎడిన్‌బరోలో హోవీ నికల్స్‌బీ తోలుతో, డెనిమ్‌తో, గళ్ళు లేని సాదా గుడ్డతో కిల్ట్‌లు కుట్టడం మొదలుపెట్టాడు. 2000లో సియాటిల్‌లో పుట్టిన యుటిలికిల్ట్స్ కంపెనీ మందపాటి నూలుగుడ్డతో, పక్కల పెద్ద జేబులతో, సుత్తి తగిలించుకునే పట్టీతో పనివాళ్ళ కిల్ట్ తీసుకొచ్చింది. ఈ సుత్తి పట్టీ సంగతి గమనించాలి. స్కర్టు అమ్ముతున్నామన్న అనుమానం రాకుండా వడ్రంగి పనిముట్లు తగిలించాలన్నమాట. పాత కిల్ట్‌కూ ఇదే ఏర్పాటు ఉంది. జేబుకు బదులు ముందు వేలాడే తోలు సంచి, మేజోడులో చిన్న కత్తి. కిల్ట్ కట్టినవాణ్ణి స్కర్టు వేసుకున్నావా అని అడిగి చూడండి, జవాబు మర్యాదగా రాదు.

కత్తి ఉన్నా కాపాడలేనిది ఒకటుంది. ఇన్వర్‌నెస్‌లో ఒక బార్ తన మగ సిబ్బందికి కిల్ట్ యూనిఫాం మాన్పించాల్సి వచ్చింది. తాగొచ్చిన ఆడవాళ్ళు, చేతిలో గ్లాసులున్నప్పుడు చూసి, కింద ఏముందో చూద్దామని ఎత్తుతున్నారు. ఇది వింటే ముందు నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచిస్తే ఆగిపోతుంది. అదే పని మగవాళ్ళు ఆడవాళ్ళ మీద చేస్తే ఏమంటామో అందరికీ తెలుసు. స్కాట్లండ్‌లో బట్టల కింద దొంగచాటుగా ఫోటో తీయడం నేరం చేసిన చట్టం కిల్ట్ కట్టిన మగవాడికీ వర్తిస్తుంది. స్కర్టు వేసుకున్న మగవాడికి గాలి ఒక్కటే తగలదు. కూర్చునేటప్పుడు కాళ్ళు దగ్గర పెట్టుకోవడం, మెట్లెక్కేటప్పుడు వెనక ఎవరున్నారో చూసుకోవడం, ఈదురుగాలికి అంచు పట్టుకోవడం ఇవన్నీ కొత్తగా నేర్చుకోవాల్సి వస్తుంది. ఆడపిల్లలకు పదేళ్ళు రాకముందే వచ్చేసే విద్య ఇది.

ఉష్ణదేశాల వైపు వస్తే దృశ్యం మారిపోతుంది, సమస్య మాత్రం మాయం కాదు. బర్మా ఇందుకు మంచి ఉదాహరణ. ఉత్తరాంధ్ర నుంచి రంగం వెళ్ళి బతికిన కుటుంబాలకు అక్కడివాళ్ళు నడుముకు చుట్టుకునే లోంజీ కొత్తది కాదు. గుమాస్తా నుంచి మంత్రి దాకా మగవాళ్ళంతా అదే కడతారు. పెద్ద తరగతుల బడిపిల్లలకు తెల్లచొక్కా, ఆకుపచ్చ లోంజీ యూనిఫాం, అబ్బాయిలకూ అమ్మాయిలకూ. మరి తేడా? మగవాళ్ళది పాసో. దాన్ని బొడ్డు ముందు ముడేసి కడతారు. ఆడవాళ్ళది తమేన్. మడత పక్కకు తిప్పి దోపుతారు. రెండూ గుడ్డగొట్టాలే. కానీ ఆడవాళ్ళ తమేన్ ఆరేసిన తీగ కింద నడిస్తే మగవాడి తేజస్సు తగ్గిపోతుందని అక్కడ గట్టి నమ్మకం. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్నాక యాంగోన్ ఆడవాళ్ళు ఈ నమ్మకాన్నే ఆయుధం చేసుకున్నారు. వీధులకు అడ్డంగా తీగలు కట్టి తమ తమేన్లు వేలాడదీశారు. తుపాకులు పట్టుకొచ్చిన సైనికులు వాటి కింద నుంచి రావడానికి వెనకాడారు. ఆగి, వాటిని తెంపి, తర్వాతే ముందుకు కదిలారు. మార్చి 8న మహిళా దినోత్సవం నాడు కొందరు కుర్రాళ్ళు అమ్మల తమేన్లను తలకు చుట్టుకుని ఊరేగింపులో నడిచారు. అంతకు పదేళ్ళ ముందు, 2011 ఫిబ్రవరిలో, అప్పటి సైనిక పాలకుడు సీనియర్ జనరల్ తాన్ ష్వే ఒక ప్రభుత్వ వేడుకలో ఆడవాళ్ళు కట్టే తరహా లోంజీలో టీవీలో కనిపించాడు. దేశాన్ని ఆడది ఏలుతుందన్న జోస్యానికి పరిహారంగా జ్యోతిష్కుల మాట మీద కట్టాడని ఊరంతా గుసగుసలు.

మగవాళ్ళు స్కర్టు వేసుకుంటే ఆడ, మగ గోడలు కూలిపోతాయని ఆశపడేవాళ్ళు బర్మాను ఒకసారి చూడాలి. దేశం మొత్తం స్కర్టులో ఉంది. గోడ వెళ్ళి ముడి దగ్గర నిలబడింది.

ఫిజీది ఇంకో దారి. అక్కడి నడుముగుడ్డ సులు పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మతంతో పాటు వ్యాపించింది. తర్వాత దర్జీలు సూటుగుడ్డతో, నడుముకు బెల్టు లూపులతో, పక్కన జేబులతో కుట్టారు. దాని మీద చొక్కా, టై, కోటు. పార్లమెంటుకు, కోర్టుకు, చర్చికి అదే. పోలీసుల తెల్ల సులుకు అంచు రంపపు పళ్ళలా కత్తిరించి ఉంటుంది. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి చెరకు తోటల కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళ మనుమలు, మునిమనుమలు ఈ సులు దొరల పక్కనే ఆఫీసుల్లో పనిచేస్తున్నారు. సమోవా, టోంగాలలోనూ ఇలాగే. ఒక బట్ట నిలబడాలంటే పండక్కి కట్టుకుంటే చాలదు. బడిలో, పోలీసు స్టేషన్‌లో, జీతమిచ్చే చోట దానికి స్థానముండాలి. ఈ దీవులు ఆ పని చేశాయి. మనం చేయలేదు.

మన దగ్గరి తాళం వేరే. పంచె కట్టిన మగవాణ్ణి తెలుగుదేశంలో ఎవరూ ఆడంగి అనరు. ఆ గొడవే లేదు. ఉన్నదల్లా ఎవరి పంచె, ఏ గుడ్డ, ఎక్కడ అన్నదే. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల పంచె పెద్దమనిషిది. పి.వి. నరసింహారావు, వై.ఎస్. రాజశేఖరరెడ్డి, వెంకయ్యనాయుడు అనగానే గుర్తొచ్చేది ఆ పంచెకట్టే. అదే గుడ్డకు గళ్ళు పడితే లుంగీ, అది ఇంట్లో పడుకునేటప్పటి బట్ట, లేదా హమాలీ బట్ట. సినిమాల్లో ఈ వ్యాకరణం ఏనాడూ తప్పలేదు. ఊరి పెద్దకు జరీ అంచు, రౌడీకి పైకి మడిచిన గళ్ళ లుంగీ. పెద్దవాళ్ళు ఎదురైతే మడిచిన లుంగీ దించాలి. దించకపోతే పొగరు. ప్యాంటు తొడిగినవాడికి ఈ పరీక్ష లేదు. బహుశా ప్యాంటు ఇంత తొందరగా గెలవడానికి ఇదీ ఒక కారణమేమో. మోకాలి దగ్గర నీ కులం, నీ హోదా ఎదుటివాడు కొలవడానికి వీల్లేని బట్ట అది. అలా చూస్తే మన తాతల తరంలో ప్యాంటు వేసుకోవడం కూడా తిరుగుబాటే.

నగరాల్లో ఈ హోదా కాపలా తలుపు దగ్గరే ఉంటుంది. 2014 జులైలో చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బు, పుస్తకావిష్కరణకు వేష్టి, అంటే తమిళుల పంచె, కట్టుకొచ్చిన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిని గుమ్మంలోనే ఆపేసింది. అసెంబ్లీ ఊగిపోయింది. ఆ సంవత్సరమే తమిళనాడు చట్టం చేసింది. వేష్టి కట్టుకొచ్చారని ఎవరినైనా ఆపితే క్లబ్బు లైసెన్సు రద్దు, ఏడాది దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. పదేళ్ళ తర్వాత, 2024 జులైలో బెంగళూరులో కొడుకుతో సినిమా చూద్దామని వచ్చిన ఒక రైతును పంచె కట్టాడని మాల్ కాపలావాళ్ళు లోపలికి పోనివ్వలేదు. కర్ణాటక ప్రభుత్వం ఆ మాల్‌ను ఏడు రోజులు మూయించింది. ఢాకాలో 2013లో బారిధారా అనే సంపన్నుల పేట, లోపలికొచ్చే రిక్షావాళ్ళు లుంగీ కట్టకూడదని నిషేధం పెడితే కుర్రకారు లుంగీలు కట్టుకుని సైకిళ్ళ మీద అటు బయల్దేరారు. ఈ మూడింటిలోనూ జనం ‘మన సంస్కృతికి అవమానం’ అన్నారు. నాకు ఆ మాట సగం సరైందే అనిపిస్తుంది. జరీ పంచె కట్టుకుని కారు దిగిన ఎమ్మెల్యేను ఆ మాల్ ఆపేది కాదు. ఆపింది సంస్కృతిని కాదు, పేదవాణ్ణి. న్యాయమూర్తి విషయంలో మాత్రం అడ్డొచ్చింది క్లబ్బు దుస్తుల నియమం.

ఇంతకీ మనకు ఆడబట్ట సిగ్గు లేదా అంటే, దండిగా ఉంది. చేతకాని అధికారికి నిరసనగా చీర, గాజులు పంపడం మన రాజకీయాల్లో పాత అలవాటు. గాజులు తొడుక్కుని కూర్చోలేదు అని సభల్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, పక్కన కూర్చున్న మహిళా నాయకులు చప్పట్లు కొడుతూనే ఉంటారు. ఇరాన్‌లోని మరీవాన్‌లో 2013లో ఒక నేరస్తుడికి ఆడవాళ్ళ బట్టలు తొడిగి ఊరేగించమని కోర్టు శిక్ష వేసింది. దానికి కుర్దు మగవాళ్ళు ఎందరో ఆడవాళ్ళ దుస్తుల్లో ఫోటోలు దిగి, ఆడది కావడం శిక్ష ఎలా అవుతుందని అడిగారు. చీరలు పంపే మన నాయకులకు ఆ ఫోటోలు చూపించాల్సింది.

మరోపక్క మగవాడు చీర కట్టడం మనకు వింతా కాదు. స్థానం నరసింహారావు సత్యభామగా నిలబడితే తెలుగు నాటకరంగం చేతులెత్తి మొక్కింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మదీ అదే ఘనత. తిరుపతి గంగమ్మ జాతరలో ఏటా మే నెలలో మగవాళ్ళు చీరలు కట్టి, జడలు వేసి, మొక్కు తీర్చుకుంటారు. ‘పుష్ప 2’లో అల్లు అర్జున్ చీరలో ఆడిన జాతర ఘట్టానికి హాళ్ళలో ఈలలు మోగాయి. వేదిక మీద, అమ్మవారి ముందు, వేషం అన్న పేరుతో ఎంతైనా సరే. పొద్దున్నే పాల ప్యాకెట్టుకు అలా వెళ్ళలేం, అంతే తేడా.

చట్టం కూడా ఇక్కడ చేయి చేసుకుంది. నిజాం కాలంలో, 1919లో, హైదరాబాద్ రాజ్యంలో చేసిన చట్టం ప్రకారం నపుంసకులుగా ముద్రపడ్డవాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎక్కించేవారు. ఆడవాళ్ళ బట్టలతోనో నగలతోనో వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, రెండేళ్ళ దాకా జైలుకు పంపొచ్చు. ఈ చట్టం తెలంగాణ ఏర్పడ్డాక కూడా పుస్తకాల్లో అలాగే ఉంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఇలాంటివి వేరే దేశాల్లోనూ ఉండేవి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1863లో పెట్టిన నిషేధం 1974 దాకా సాగింది. పారిస్‌లో ఆడవాళ్ళు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి కావాలన్న 1800 నాటి ఉత్తర్వు చెల్లదని ఫ్రాన్స్ ప్రభుత్వం తేల్చి చెప్పింది 2013లో. ఆలోపే ఫ్రెంచి ఆడవాళ్ళు ఎవరినీ అడగకుండా ప్యాంట్లలోకి మారిపోయారనుకోండి. ఆడవాళ్ళు ప్యాంటులోకి వచ్చినంత సులువుగా మగవాళ్ళు స్కర్టులోకి వెళ్ళలేకపోవడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. ఒకటి నిచ్చెన ఎక్కడంగా కనిపిస్తుంది, ఇంకొకటి దిగడంగా.

ఈమధ్య వార్తలకెక్కిన నిరసనలను ఈ వెలుగులో చదవాలి. 2013లో స్టాక్‌హోం లోకల్ రైలు డ్రైవర్లు, 2017లో ఫ్రాన్స్‌లోని నాంత్ నగర బస్సు డ్రైవర్లు, అదే ఏడాది జూన్‌లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో ఒక హైస్కూలు కుర్రాళ్ళు వేసవిలో షార్ట్స్ అడిగారు. కుదరదన్నారు. యూనిఫాం నియమాల్లో స్కర్టు ఉంది కదా అని అదే వేసుకుని డ్యూటీకి, బడికి వచ్చారు. యాజమాన్యాలు దిగొచ్చి షార్ట్స్ ఇచ్చాయి. పత్రికలు వీటిని మగవాళ్ళ స్కర్టు ఉద్యమంగా రాశాయి. నాకలా అనిపించదు. షార్ట్స్ చేతికి రాగానే స్కర్టు అవతల పడేశారు. ఆ తమాషా పనిచేసిందంటే మగవాడి ఒంటి మీద స్కర్టు అసంబద్ధమని రెండు పక్షాలూ ఒప్పుకోబట్టే.

స్పెయిన్‌లో జరిగింది వేరు. 2020లో బిల్బావోలో ఒక విద్యార్థి బడికి స్కర్టు వేసుకొస్తే క్లాసులోంచి తీసుకెళ్ళి సైకాలజిస్టు దగ్గర కూర్చోబెట్టారు. అతని వీడియో పాకి వేరే బడుల్లో అబ్బాయిలు స్కర్టుల్లో వచ్చారు, కొందరు మగ టీచర్లు కూడా స్కర్టు వేసుకునే పాఠం చెప్పారు. వీళ్ళు ఎండ పేరు చెప్పలేదు. వంశం, సైన్యం, సంప్రదాయం దేన్నీ అడ్డం పెట్టుకోలేదు. బట్టకు ఆడ, మగ లేదు అన్నారు. 2021 నవంబరులో ఎడిన్‌బరోలో ఒక ప్రాథమిక పాఠశాల కూడా పిల్లలూ టీచర్లూ అందరూ స్కర్టు వేసుకు రావచ్చని ఒక రోజు పెట్టింది. కిల్ట్ పుట్టిన దేశంలోనే దానికి తల్లిదండ్రుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి.

ఫ్యాషన్ గురించి క్లుప్తంగా. జాన్ పాల్ గోతియే 1985 కలెక్షన్‌లో మగవాళ్ళకు స్కర్టులు పెట్టాడు. 2003లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఇదే విషయం మీద పెద్ద ప్రదర్శన జరిపింది. 2020లో హ్యారీ స్టైల్స్ గౌనులో వోగ్ ముఖచిత్రమయ్యాడు. మన రణ్‌వీర్ సింగ్ సంగతి సరేసరి. నలభై ఏళ్ళుగా ఇది ప్రతిసారీ కొత్త వార్తే అయిందంటే, దుకాణం అల్మారాల్లోకి చేరలేదనే అర్థం. 1998లో డేవిడ్ బెక్‌హాం ప్యాంటు మీద సరోంగ్ చుట్టుకుని భోజనానికి వెళ్తే బ్రిటిష్ పత్రికలు నెలల తరబడి ఎగతాళి చేశాయి. అది ఇండోనేసియాలో నమాజుకు వెళ్ళే బట్ట.

ఆరోగ్యం పేరుతో వాదించేవాళ్ళూ ఉన్నారు. వృషణాలు ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలన్నది నిజం. 656 మంది మగవాళ్ళ మీద హార్వర్డ్ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో వదులు లోదుస్తులు వేసుకునేవాళ్ళకు వీర్యకణాల సాంద్రత 25 శాతం ఎక్కువని తేలింది. కానీ అది లోదుస్తుల సంగతి. దాన్ని కిల్ట్‌కు అతికించి సంతాన సాఫల్య ప్రకటన చేయడం తొందరపాటు. సుఖం అన్నదానికి పరిశోధన ఎందుకు? రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం జీన్స్‌లో బైకు నడిపినవాణ్ణి అడిగితే చెప్తాడు.

అలాగని ఎండే పంచెను వెనక్కి తెస్తుందని నేను అనుకోను. ఇళ్ళలో లుంగీ చోటు ఇప్పటికే షార్ట్స్, నైట్ ప్యాంట్లు ఆక్రమించాయి. ఐటీ ఆఫీసుల్లో పండగ ముందు పెట్టే సంప్రదాయ దినం నాడు కుర్రాళ్ళు పంచెల్లో ఫోటోలు దిగుతారు. మర్నాడు అదే పంచెతో వస్తే మేనేజరు ఏమంటాడో ఎవరూ పరీక్షించరు. జేబులు, బెల్టు పెట్టి, మందపాటి గుడ్డతో ఫిజీ తరహాలో కుట్టిన ఆఫీసు పంచె మన దర్జీలకు కష్టమైన పని కాదు. యూనిఫాం నియమాల్లో ‘ప్యాంటు లేదా పంచె’ అని రాయడం బడులకూ పోలీసు శాఖకూ కష్టం కాదు. ఆ పని జరిగితే కూలిబట్ట అన్న సిగ్గు చాలావరకు తీరుతుంది.

ఆడబట్ట అన్న సిగ్గు దాంతో తీరదు. బర్మాలో తీరలేదు కదా. హైదరాబాద్‌లో ఒక కుర్రాడు పంచె కాకుండా, జాతర కాకుండా, నాటకం కాకుండా మామూలుగా స్కర్టే వేసుకుని మెట్రో ఎక్కాలనుకుంటే, 1919 నాటి చట్టం భయం ఇప్పుడు లేదు. రైల్లో తోటి ప్రయాణికులు, ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు, ఇంటి దగ్గర అమ్మానాన్నలు ఉన్నారు. వీళ్ళకు హైకోర్టు తీర్పులు అందవు.